ఐదు కాయల్లో రెండు

కడియం నుంచి మొక్కలేసుకుని
నెలకోసారి నరసాపురం వచ్చే నూకరాజు
మా సందు మొగలో ట్రాలీ ఆటో ఆపి
"అందానికండీ ఇది, పులుసుకి కాదు" అన్నాడు.
జానెడు కుండీ. మోకాలెత్తు నిమ్మచెట్టు.
ఐదు పసుప్పచ్చ కాయలు
ఫోటోకి నిలబడ్డట్టు, ఒకదాన్నొకటి తోసుకోకుండా.

నాలుగొందలు చెప్పి మూడొందల ఇరవైకి దిగాడు.
అంటే నాకు
ఎనిమిది రోజుల లేసు అల్లిక.

నాలుగో రోజు ఒకటి రాలింది.
తొడిమ ఉండాల్సిన చోట
మెలిపెట్టి గుచ్చిన సన్నటి రాగి తీగ.
ఆరో రోజు ఇంకోటి. అదీ అంతే.
తిట్టానా, తిట్టాను. ఆనక నవ్వొచ్చింది.
బల్లగుడ్డలో ఒక పువ్వు చినిగితే
విడిగా ఇంకోటి అల్లి
ముడి కనబడకుండా అతికించి
ఏజెంటు చేతిలో పెట్టేది నేను కాదూ?
మిగతా మూడూ చూసుకుని మురిసిపోయాను.
కాదు, అబద్ధం.
పొద్దున్నే లేచి ఒక్కొక్కదాన్నీ వేలితో ఎత్తి చూశాను
తొడిమ ఉందా లేదా అని.

ఇక్కడ బోరేస్తే సముద్రమే పైకొస్తుంది.
ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు.
చెట్టుకి రెండు చెంబులు పోశానో లేదో
ఆకాకుకీ చుట్టూ మాడిన గోధుమరంగు అంచు,
నేనడగని డిజైను.
కుళాయిలో కాలవ నీళ్ళొచ్చినన్నాళ్ళూ
బిందె అడుగున కొంచెం దానికి మిగిల్చాను.
వేసవొచ్చింది, కాలవలు కట్టేశారు.
టిన్ను నీళ్ళు పదిహేను రూపాయలు.
నాకు రెండు గ్లాసులైతే దానికొకటి.
కింద వాటాలో మంగతాయారు గారు మెట్ల మీంచి తొంగి చూసి
"కొన్న నీళ్ళు కుండీలో పోస్తారటండీ ఎవరైనా?"
ఆయ్, పోస్తారండి.
బియ్యం కడుగు కూడా పోస్తారు.

ఆషాఢంలో మొదలు దగ్గర్నించి ఒక కొమ్మ లేచింది.
ఎంత జోరో! వారానికి బెత్తెడు.
ముళ్ళు మాత్రం లేసు సూది కన్నా పొడుగు.
నా నీళ్ళు దానికి పట్టాయనుకున్నాను,
గాలికి ఊగకుండా పుల్ల కూడా పాతాను.
ఈసారొచ్చినప్పుడు నూకరాజు చూసి
ఒక్క మాటైనా చెప్పకుండా పుటుక్కున విరిచేశాడు.
"అంటు కిందది ఉంచకూడదండీ.
ఇది వేరు తాలూకు పిల్ల. వదిలేశారంటే
పైదాన్ని తినేసి తనే చెట్టైపోద్ది."
చేతిలో ముళ్ళకొమ్మ తిప్పుతూ నిలబడ్డాడు.

అప్పుడు తెచ్చాను దారపుండల డబ్బాలోంచి
దాచుంచిన రెండు రాగి తీగలూ.
వాడు తీగలకేసి చూశాడు, నాకేసి చూళ్ళేదు.
"మూడు కాయలుంటే కాపు తక్కువంటారండీ జనం.
ఐదుంటే కొంటారు."
మీరూ కొన్నారు కదా, అనలేదు.
టీ ఇస్తే తాగి, గుప్పెడు వేపపిండి
డబ్బు పుచ్చుకోకుండా కుండీలో చల్లి వెళ్ళాడు.

పూత కార్తీకంలో వచ్చింది.
రేకుల మేడ మీదికి తేనెటీగ ఎక్కదు కాబోలని
ఎనభయ్యో నంబరు దారం కొస విప్పి కుచ్చు చేసి
పువ్వు పువ్వుకీ తిప్పాను.
నలభై ఒక్క పువ్వుల్లో నిలిచింది ఒకటే పిందె.
బఠాణీ అయింది, గోళీ అయింది,
బరువుకి కొమ్మ ఒరిగితే
ఆ రాగి తీగతోనే కట్టాను,
కాయని కాదు, కొమ్మని.

మంగతాయారు గారబ్బాయి కొత్త స్కూటరు తెచ్చి
టైరు కిందికి కాయ అడిగాడు.
"బజార్లో పది రూపాయలకి మూడు, వెళ్ళు నాయనా."
మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.
వాళ్ళమ్మ రెండ్రోజులు మాటాడలేదు.

ఇవాళ మళ్ళీ ఎండ. మళ్ళీ టిన్ను నీళ్ళు.
కళ్ళు లాగుతున్నాయి, సూది పక్కన పెట్టి
కాయ జోలికి పోకుండా
అంచు మాడని ఆకులు రెండు తుంచాను.
నలిపి, ఉప్పేసి, మజ్జిగలో వేశాను.
పులుసుకి కాదన్నాడు గానీ
మజ్జిగ సంగతేమీ చెప్పలేదు కదా.